కళ్లం గ్రౌండు

బుధవారం తెల్లారగానే సున్నం సంచీ సైకిలు మీద వేసుకుని గ్రౌండుకొచ్చిన కామరాజు గారికి గ్రౌండు కనపడలేదు. గేటుంది. ఇనప గోల్‌పోస్టులు రెండూ ఉన్నాయి. మోండా మార్కెట్లో తాళ్ల కొట్టువాడితో పొద్దంతా బేరమాడి తెచ్చి, తన చేత్తో ముళ్లు వేసి కట్టిన వలలున్నాయి. ఈ పోస్టుకూ ఆ పోస్టుకూ మధ్య ఉండాల్సిన నేల మాత్రం లేదు. దాని నిండా వడ్లు పరిచి ఉన్నాయి.

ఆదివారం మ్యాచ్. ఆ గ్రౌండు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి మ్యాచ్.

అల్వాల్ చివర కాలనీలో పార్కు కోసమని వదిలేసిన జాగా అది. పార్కు రాలేదు, కంపచెట్లు వచ్చాయి. ఇళ్లు కట్టగా మిగిలిన రాళ్లూ పెంకులూ అందరూ తెచ్చి అక్కడే పోశారు. డెబ్బై దాటిన కామరాజు గారు కూతురు రాధిక ఇంట్లో ఊరికే కూర్చోలేక, కాలనీ ఆడపిల్లల్ని పోగేసి, ఏడాది పాటు వాళ్లచేత రాళ్లేరించి, దానికో రూపం తెచ్చారు. ఇప్పుడు రాంగోపాల్‌పేట్ నుంచి ఆడపిల్లల జట్టు ఆడటానికి వస్తోంది. కాకినాడ రేవు నుంచి కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడటానికి సికింద్రాబాద్ వచ్చినప్పుడు ఆయన మొదట గది తీసుకున్నది రాంగోపాల్‌పేట్‌లోనే. అక్కడివాళ్ల ముందు పరువు పోకూడదని ఆయన పట్టుదల. గీతలు సరిగ్గా పడాలని మంచి సున్నం వెతికి వెతికి తెచ్చారు. ఇప్పుడా గీతలు దేని మీద గీయాలి?

కామరాజు గారు మంచివారే. కాకపోతే ఆయన జట్టులో కోపం ముందు వరసలో ఆడుతుంది, మంచితనం ఎక్కడో గోల్‌కీపర్ పక్కన నిలబడి ఉంటుంది. "ఎవరయ్యా ఇది పోసింది?" అని ఆయన వేసిన కేకకు కరెంటు తీగ మీది పావురాలు లేచిపోయాయి. ఓ మూల మడతపెట్టిన టార్పాలిన్ పరదాల చాటు నుంచి తలకు తువ్వాల చుట్టుకున్న ఒక రైతు లేచి వచ్చాడు. వెనకే చీపురుతో అతని భార్య. ఇద్దరి కళ్లలోనూ రాత్రి నిద్ర లేదు.

ఆ రైతు పేరు జంగయ్య. ఆమె బాలమ్మ. కామరాజు గారు గుక్క తిప్పుకోకుండా చాలా అన్నారు. ఇది కళ్లమనుకున్నారా, గ్రౌండనుకున్నారా, గేటుకు బోర్డు లేదా, కళ్లు లేవా, అడగడానికి నోరు లేదా అని వరసపెట్టి దులిపేశారు. జంగయ్య అన్నీ విని, ఆయన ఆగాక మెల్లగా నోరు విప్పాడు.

"తిట్టుండ్రి సారు, తప్పు మాదే. మొన్న కోత కోసినం, గదే రాత్రి వాన కొట్టింది. వడ్లన్ని తడిసినయి. రోడ్డు మీద పోసుకుందమంటే పోలీసోళ్లు ఎల్లగొట్టిన్రు. ఎండకపోతే మొలకలొస్తయి, కొనుగోలు సెంటర్ల తీసుకోరు. జెర శనివారం దనుక ఉండనియ్యుండ్రి."

చెరువు కింద జంగయ్యకు మిగిలింది ఓ చిన్న మడిచెక్క. ఏడాది తిండీ, ఖర్చూ అందులోంచే రావాలి. అది ఇప్పుడు గోల్‌పోస్టుల మధ్య పరుచుకుని ఆవిరి కక్కుతోంది.

ఇంకా నాలుగు మాటలు అనడానికని కామరాజు గారు వంగి గుప్పెడు వడ్లు చేతిలోకి తీసుకున్నారు. తీసుకోవడమే పొరపాటైంది. ఆ వాసన వచ్చింది. పులిసీ పులియని, అడుగున ఎక్కడో కాస్త తీపి కలిసిన తడి వడ్ల వాసన.  తెలియకుండానే ఒక గింజ పళ్ల మధ్య పెట్టి కొరికారు. టక్కుమనలేదు, మెత్తగా నలిగింది.

"బాగా తడి ఉందండీ," అన్నారు. గొంతు పూర్తిగా మారిపోయింది.

"సారుకు వడ్ల సంగతి ఎరుకనే ఉన్నట్టుందే," అంది బాలమ్మ.

"మా అమ్మ పని ఇదేనమ్మా," అన్నారాయన.

ఆ ముక్క కడుపులోకి దిగేలోపే కాలనీ సంఘం సెక్రెటరీ వేణుమాధవ్ స్కూటర్ మీద వచ్చాడు. వెనక సీటు మీద ఆయన కూతురు లాస్య, జట్టు కెప్టెన్. వేణుమాధవ్ చెడ్డవాడేం కాదు. గోల్‌పోస్టులు చేయించింది ఆయనే, మ్యాచ్‌కు ఫ్లెక్సీ కొట్టించింది ఆయనే. అందుకే వడ్లను చూడగానే ఆయనకు తల తిరిగిపోయింది. సాయంత్రంలోగా తీయకపోతే ఫిర్యాదు ఇస్తానన్నాడు, ట్రాక్టర్ తానే పిలిపించి ఎత్తి రోడ్డు మీద పోయిస్తానన్నాడు. జంగయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాలమ్మ చీపురు మీద ఆనుకుని నేల చూస్తోంది. ఒక్కొక్కరే వచ్చిన ఆడపిల్లలు గేటు దగ్గర ముఖాలు వేలాడేశారు.

కామరాజు గారికి ఇటు చూస్తే నుయ్యి, అటు చూస్తే గొయ్యి అయింది. కాసేపు మీసం పీక్కున్నారు. తర్వాత వేణుమాధవ్ భుజం మీద చెయ్యి వేసి, "నాకో పావుగంట ఇవ్వు బాబూ. ఆ తర్వాత నీ ఇష్టం," అన్నారు. పిల్లల్ని వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి కథ ఎత్తుకున్నారు. ఆ కథ పిల్లలు అంతకుముందు తునకలు తునకలుగా విన్నదే. మొత్తం ఒక్క బిగిన చెప్పడం అదే మొదటిసారి.

కాకినాడలో రేవు మనుషులకు ఫుట్‌బాల్ గ్రౌండు ఉండేది కాదు. దొరల కాలంలో దొరలెక్కడో వాళ్ల క్లబ్బులో ఆడుకునేవారట, అది వాళ్ల సంగతి. రేవు వైపు చూస్తే ఒకటే ఇసక, ఇసక లేనిచోట బురద. కామరాజుకు పదేళ్లప్పుడు ఏదో దేశపు ఓడలోంచి పడవ సరంగు ఒకాయన తోలు బంతి ఒకటి తెచ్చాడు. ఇసకలో తంతే ఆ బంతి అక్కడే కూరుకుని కూర్చునేది, బురదలో తంతే మనిషే కూరుకునేవాడు. చేతిలో బంతి ఉంది, కాళ్లలో ఉబలాటం ఉంది, ఆడటానికి జాగా లేదు. ఆ వయసులో అంతకు మించిన కష్టం ఉంటుందా?

ఊరు మొత్తానికి చదునైన నేల ఒకటే ఉంది. రేవు కాలవ ఒడ్డున రామభద్రరావు గారి రైసుమిల్లు కళ్లం. ఉప్పుడు బియ్యం కోసం ఉడకబెట్టిన ధాన్యం అక్కడ ఆరబోసేవాళ్లు. పేడతో అలికి అలికి పలకలా తయారైన నేల. ముందు కళ్లం పెద్దది, గోడకు అవతల వెనక కళ్లం చిన్నది. ఆ కళ్లాల మీద ఆడకూలీల పెద్ద వీరరాఘవమ్మ, కామరాజు తల్లి.

ధాన్యం ఆరాలంటే ఊరికే పోసి వదిలేస్తే కాదు, తిరగెయ్యాలి. దానికి చేతులు చాలవు. ఆడవాళ్లు వరసగా నిలబడి, గింజ కళ్లకద్దుకుని, వట్టి కాళ్లు ధాన్యంలోకి దూర్చి ఈ కొస నుంచి ఆ కొసకు ఈడ్చుకుంటూ నడిచేవారు. కాలు పోయినచోట చాలు పడుతుంది, అడుగున ఉన్నది పైకి వస్తుంది. పొద్దున్నించి అదే నడక. పొద్దు వాలాక ముందు కళ్లం ధాన్యం ఎత్తేసేవారు. ఆ ఎత్తేసిన నేల మీద పొద్దు గుంకేదాకా ఆడుకోవచ్చు కదా అని కుర్రాళ్ల ఆశ.

ఒకరోజు ఆడుతుంటే రామభద్రరావు గారు చూశారు. ధాన్యలక్ష్మి ఉన్నచోట తోలు బంతి తంతారా అని చిందులు తొక్కారు. కుర్రాళ్లను తరిమేసి, వీరరాఘవమ్మను పిలిచి, నీ కొడుకే కదా ముఠా నాయకుడు అన్నారు. అప్పుడు వీరరాఘవమ్మ ఏమాత్రం తొణక్కుండా, "ఊరికే ఆడటం లేదండి బాబుగారూ. బడి నించి వచ్చాక ఆఖరి తిరగేత వాళ్లే వేస్తున్నారండి. మనకు కూలీల అవసరం తగ్గుతుందండి," అంది. రామభద్రరావు గారు ఆలోచించారు. రేపు నేను చూస్తాను అన్నారు. ఆ మర్నాడు కుర్రాళ్లంతా లాగులు ఎగగట్టి ధాన్యంలో దిగారు. ఆయన చూశారు, మీసం కింద నవ్వుకున్నారు, సరేనన్నారు.

"అదీ మా మొదటి గ్రౌండు," అన్నారు కామరాజు గారు పిల్లలతో. "ఎవరూ దయతలచి ఇవ్వలేదమ్మా. మేం కాళ్లతో కొనుక్కున్నాం."

ఈ ముక్క చెప్పేటప్పుడు ఆయన ఛాతీ కాస్త ముందుకొస్తుంది. యాభై ఏళ్లుగా ఎక్కడ చెప్పినా వస్తూనే ఉంది.

రోజూ బడి వదలగానే పరుగున వచ్చి ముందు కళ్లమంతా తిరగేసేవారట. ఆడవాళ్లు చకచకా ఊడ్చి, గంపలకెత్తుకుని గోడ వెనక్కి వెళ్లిపోయేవారు. విరిగిన తెడ్లు పాతి గోల్‌పోస్టులు చేసుకుని ఆట మొదలెట్టేవారు. ఆ కాళ్లీడ్పు వాళ్ల ఆటలోకీ వచ్చేసింది. అరికాలు నేలను వదలదు, బంతి కాలిని వదలదు. సామర్లకోట వాళ్లు వచ్చి ఓడిపోయారు, రైల్వే వాళ్లు వచ్చి ఓడిపోయారు. ఊళ్లో కూడా కళ్లం గ్రౌండు అనడం మొదలెట్టారు. చివరికి సికింద్రాబాద్ కంపెనీ జట్టు ఒకటి అటు ఆడటానికి వచ్చి, ఓడకుండా బయటపడి, పోతూ పోతూ కామరాజును వెంట తీసుకుపోయింది. ఇక్కడివాళ్లు ఆయన నడక చూసి 'ఇస్త్రీ' అని పేరు పెట్టారు. కాలు నేల మీద అట్లా జారుతుంది కనక.

లాస్య అడిగింది, మరి మీ అమ్మ ఏమనేదని.

"ఏమంటుంది? నాకంటే ఆలస్యంగా వచ్చేది ఇంటికి. దీపాలు పెట్టాక. నేను ఆకలితో గుమ్మంలో కూర్చుని సణుగుతూ ఉండేవాణ్ణి. కాళ్లు కడుక్కుంటూనే 'గెలిచారా?' అనేది. మాలో మేం ఆడుకునే ఆట, ఒకళ్లు గెలిస్తే ఇంకొకళ్లు ఓడాల్సిందే. నేను మాత్రం రోజూ గెలిచామనే చెప్పేవాణ్ణి."

పిల్లలు నవ్వారు. ఆయన కూడా నవ్వారు. కానీ ఈ కథలో ఆయన ఎన్నడూ ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. అదే ఆవరణలో పనిచేసే తల్లి, కొడుకు ఆట ఒక్కసారి కూడా చూడలేదు. ఊరంతా వచ్చి గోడలెక్కి చూసింది, ఆమె రాలేదు. రేవు వదిలి వచ్చేసే ముందురోజు ఆడిన ఆటకు కూడా రాలేదు. ఆటంటే ఆమెకు పట్టదనుకున్నాడు. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది. ఆ కళ్లమున్న చోట ఇప్పుడు గోదాములున్నాయి. ఆ చిన్న ముల్లు మాత్రం ఆయన లోపల అట్లాగే ఉండిపోయింది.

కథ అయ్యాక బేరం మాట్లాడటం తేలికైంది. పొద్దున పూట పిల్లలు వడ్లు తిరగేస్తారు. సాయంత్రం జంగయ్య వడ్లను ఒక సగానికి కుప్ప చేస్తాడు, రెండో సగంలో పిల్లలు సాధన చేసుకుంటారు. శనివారం పొద్దుగూకే సరికి గ్రౌండు ఖాళీ కావాలి. జంగయ్య దండం పెట్టాడు. వేణుమాధవ్ కూతురి ముఖం చూశాడు, అది వెలిగిపోతోంది. ఇంక ఆయన ఏం చేస్తాడు?

"మీ కాకినాడ ముచ్చట మంచిగనే ఉంది అంకుల్. కానీ శనివారం దాటితే నేనెవరి మాట విన," అని స్కూటర్ ఎక్కాడు.

ఆ రోజు నుంచే పని షురూ అయింది. కామరాజు గారు ముందు నడిచి చూపించారు, పిల్లలు బూట్లు విప్పి గింజ కళ్లకద్దుకుని వరస కట్టారు. మొదట్లో చక్కిలిగింతలని కేకలు, తర్వాత ఎవరు ముందు ఆ కొస చేరుతారని పందేలు. వేసవి సెలవులు, అడిగేవాళ్లు లేరు. లాస్య అందరికంటే ముందుండేది. పని కాగానే బాలమ్మ దగ్గరికి పరిగెత్తి, "అమ్మమ్మా, ఇవ్వాళ మొత్తం మేమే తిప్పినం," అనేది. బాలమ్మ దాని గడ్డం పట్టుకుని, మంచిగ చేసిన్రు బిడ్డా అనేది. ఎండ ముదిరేలోపు పిల్లల్ని ఇళ్లకు తోలి, కామరాజు గారు కూడా కాఫీ టైమైందని వెళ్లిపోయేవారు. ఇంట్లో రాధికకు చెప్పిందే చెప్పి ఆమె చెవులు చిల్లులు పడేట్టు చేశారు. కళ్లం గ్రౌండు మళ్లీ పుట్టిందమ్మా, ఈసారి అల్వాల్‌లో అని.

శుక్రవారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. కాలనీలో ఏ ఇంట్లోంచి చూసినా ఆకాశం నల్లగా కనపడింది, పిల్లలంతా ఎవరూ పిలవకుండానే గ్రౌండుకు పరిగెత్తుకొచ్చారు. తలా ఓ కొసా పట్టుకుని పరదాలు కప్పారు. వేణుమాధవ్ కూడా ఆఫీసు బట్టలతోనే వచ్చి రాళ్లు మోసి బరువు పెట్టాడు. నాలుగు చినుకులు పడి, మబ్బు అటు శామీర్‌పేట వైపు జరిగిపోయింది. జంగయ్య చాలాసేపు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

శనివారం పిల్లలు ఆఖరి తిరగేత వేసి వెళ్లిపోయారు. కామరాజు గారు ఇంటికెళ్లి కాఫీ నోట్లో పోసుకున్నాక జేబు తడుముకుంటే విజిల్ లేదు. కంపెనీ జట్టులో ఆడిన రోజుల నాటి ఇత్తడి విజిల్ అది. గోల్‌పోస్టుకు తగిలించి మరిచిపోయానని గుర్తొచ్చి, రాధిక గోల పెడుతున్నా వినకుండా నెత్తిన తువ్వాలు వేసుకుని ఎండలో పడి వచ్చారు.

గేటు దగ్గరే ఆగిపోయారు.

బాలమ్మ, జంగయ్య వడ్లలో ఉన్నారు. పిల్లలు తీసిన చాళ్ల మీదే నడుస్తున్నారు. కాలు అడుగంటా దూర్చి, మడమ నేలకు ఆనించి, కింద ఉన్న తడి గింజను పైకి తెస్తూ, నింపాదిగా ఈ కొస నుంచి ఆ కొసకు వస్తున్నారు. పిల్లలు తిప్పిన భాగం పైకి బంగారంలా ఎండి కనపడుతోంది. వాళ్ల కాళ్ల వెనక నుంచి మాత్రం నల్లటి తడి చాలు పైకి తేలుతోంది. పిల్లలు చేసిన పనంతా వాళ్లు మొదటి నుంచి మళ్లీ చేస్తున్నారు.

కామరాజు గారు దగ్గరికి వెళ్లారు. బాలమ్మ ఆయన్ని చూసి దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు నాలుక కరుచుకుంది.

"రోజూ ఇంతేనా అమ్మా?" అన్నారు.

బాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పిల్లల కాలు సారు. పైపైన ఉరుకుతది, అడుగుకు పోదు. వాళ్ల తప్పేమున్నది? ఆడేటోళ్లు గద."

"మరి చెప్పలేదేం?"

"ఎట్ల చెప్పాలె? గా లాస్య బిడ్డ ఉరికొచ్చి మొత్తం మేమే తిప్పినం అమ్మమ్మ అంటది. గా ముఖం చూసినంక కాదని చెప్పబుద్ధయితదా? ఇంకోటి సుత ఉన్నది సారు. పిల్లలు పని చేస్తున్నరంటెనే గద సెక్రెటరీ సారు సప్పుడు చేస్తలేడు. మల్లొక్కపారి తిప్పుకుంటె మాకేం పోయింది? జెర కాళ్లు నొస్తయి, గంతే."

కామరాజు గారు అక్కడే ఖాళీ గోనెసంచుల మీద కూలబడ్డారు. జంగయ్య భయపడి నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. ఎండదెబ్బ కొట్టిందేమోనని ఆయన అనుమానం.

కాసిని నీళ్లు తాగి కామరాజు గారు మొదలెట్టారు. తమ మిల్లులో కుర్రాళ్లు తిరగేశాక ఆడవాళ్లు ధాన్యాన్ని గంపలకెత్తుకుని గోడ వెనక్కి తీసుకుపోయేవారని, తాము గోదాముకనుకున్నామని, వెనక చిన్న కళ్లం ఒకటి ఉండేదని చెప్పారు. ఆ ధాన్యం తిన్నగా గోదాముకే పోయి ఉంటుందా అని ఏదో తెలియక అడుగుతున్నట్టే అడిగారు గానీ జవాబు ఆయనకు అప్పటికే తెలుసు.

"గోదాంల ఎట్ల పోస్తరు సారు? అడుగున తడి ఉంటె ముక్కిపోవా? ఎనక కల్లంల మల్ల ఎండబోసి ఉంటరు. పొద్దుగూకే దనుక తిప్పి ఉంటరు," అంది బాలమ్మ.

ఆయనకు ఏడుపొచ్చింది. ఆ వయసులో, అంత ఎండలో, పరాయి మనుషుల ముందు ఏడుపొస్తే ఎవరైనా దాచుకుంటారు. ఆయన దాచుకోలేదు. వీరరాఘవమ్మ యజమాని ముందు ఆ రోజు అబద్ధమాడింది. కూలీలు తగ్గుతారని ఒక్క మాట అనేసి, ఆ మాట నిలబెట్టడానికి ఏళ్ల తరబడి గోడ వెనక ఆ పని తనే చేసింది. తనతో పాటు ఇంకెంతమంది చేశారో. ఇటు కొడుకు గోల్ కొట్టి కేకలు వేస్తుంటే అటు వింటూ కాళ్లీడ్చింది. ఆట చూడటానికి ఎందుకు రాలేదో ఇప్పుడర్థమైంది. ఆమె వస్తే ఆట ఉండేది కాదు. దీపాలు పెట్టాక ఇంటికొస్తే, ఆకలేస్తోందని గుమ్మంలో సణిగిన కొడుకు, పైగా ధాన్యమంతా మేమే తిరగేశామని గొప్పలు చెప్పేవాడు. అవునా నాన్నా అనేది. కాళ్లు కడుక్కుంటూ, గెలిచారా అనేది.

కాళ్లతో కొనుక్కున్నాం అని యాభై ఏళ్లు ఊరూరా చెప్పుకున్నారు. కాళ్లతోనే కొన్నారు, కాకపోతే ఆ కాళ్లు తనవి కావు.

ఆయన చెప్పులు విప్పారు. ఒక గింజ తీసి కళ్లకద్దుకుని వడ్లలోకి దిగారు. జంగయ్య వద్దు సారు, ఎండ సారు అన్నాడు. ఆయన వినలేదు. బాలమ్మ పక్కన వరస కట్టి నడక మొదలెట్టారు. కొంతదూరం పోయాక బాలమ్మ ఆగి ఆయన పాదాల వైపు చూసింది.

"మడమ ఆనియ్యాలె సారు. మీరు సుత ఉరుకుతున్నరు."

ఆయన కాలు బరువుగా అడుగంటా దించారు. అడుగున తడి చల్లగా తగిలింది. పిల్లప్పుడు ఆ చల్లదనం ఎన్నడూ తగిలిన గుర్తు లేదు. మూడు వరసలు తిరిగేసరికి మోకాళ్లు మొరాయించాయి, పిక్కలు పట్టేశాయి. అయినా ఎండ వాలేదాకా మధ్య మధ్య కూర్చుంటూ నడుస్తూనే ఉన్నారు. పోయేముందు బాలమ్మ ఒక్క మాట అడిగింది, పిల్లలకు చెప్పకుండ్రి సారు అని. ఆయన చెప్పనన్నారు.

సాయంత్రానికి గింజ పళ్ల కింద టక్కుమంది. జంగయ్య సంచులకెత్తి, గ్రౌండు మూలమూలా ఊడ్చి, మిగిలిన గింజలు గోడవారన పిచ్చుకలకు వదిలాడు. పొద్దుగూకకముందే కామరాజు గారు సున్నం గీతలు గీశారు. కాళ్లు నొప్పెట్టి ఒక గీత కాస్త వంకర పోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం తెల్లారి జంగయ్య దంపతులు ట్రాక్టర్ మీద సంచులేసుకుని కొనుగోలు సెంటర్‌కు వెళ్లిపోయారు. రాంగోపాల్‌పేట్ పిల్లలు ఆటోల్లో దిగారు. చేతులు కలిపేటప్పుడు లాస్య వాళ్ల కెప్టెన్‌తో చెబుతుంటే కామరాజు గారు విన్నారు.

"ఈ గ్రౌండ్ మాకు ఎవ్వరు ఊకె ఇయ్యలే, తెలుసా? మేం కాళ్లతో కొనుక్కున్నం."

ఛాతీ ముందుకొచ్చింది, అచ్చం ఆయనలాగే. కామరాజు గారు నోరు తెరిచి, మూసుకుని, విజిల్ ఊదారు.

ఓడిపోయారు. సందేహం లేకుండా, చిత్తుగా ఓడిపోయారు. రాంగోపాల్‌పేట్ పిల్లలు ఆటలో ఆరితేరినవాళ్లు. లాస్య చివర్లో ఒక గోల్ కొట్టింది, బంతి కాలికి అంటుకుని వెళ్లినట్టు వెళ్లి కొట్టింది. కాలనీ మొత్తం ఎగిరి గంతేసింది. అంతకు మించి చెప్పుకోవడానికేం లేదు. ఆట అయ్యాక వేణుమాధవ్ రెండు జట్లకూ మామిడిపళ్లు పంచాడు, పిల్లలు గీతల మీద కూర్చుని చేతులూ ముఖాలూ పూసుకుని తిన్నారు.

అప్పుడు ఖాళీ ట్రాక్టర్ గేటు ముందు ఆగింది. జంగయ్య దిగకుండానే చెయ్యి ఊపాడు. ఆ ఊపులోనే తెలిసిపోయింది, వడ్లు తీసుకున్నారు. పరదాల కోసం బాలమ్మ దిగింది. పరదాలు చంకన పెట్టుకుని, కుళాయి దగ్గర దుమ్ము కాళ్లు కడుక్కుంటూ, ఇటు తిరిగి అడిగింది.

"గెలిచిండ్రా సారు?"

కామరాజు గారు ఆ కాళ్ల వైపు చూశారు. కుళాయి నీళ్లు ఆమె పాదాల మీంచి పారుతున్నాయి. మడమలు పగిలి ఉన్నాయి, పగుళ్లలో తవుడు ఇరుక్కుని ఉంది.

"గెలిచామమ్మా," అన్నారు.

బాలమ్మ పిల్లల వైపు చూసింది. ఎవరు గెలిచారో ఆ ముఖాలు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఆమెకూ తెలిసింది.

"మంచిగైంది," అని కుళాయి కట్టేసి ట్రాక్టర్ ఎక్కింది.